ముక్కులో కండ పెరిగిందా? అపోహలు - వాస్తవాలు

వరికోతలు మొదలైతే నల్గొండలో మా ఈఎన్‌టీ ఓపీ నిండిపోతుంది. మిర్యాలగూడ మిల్లుల నుంచి, దేవరకొండ వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఒకే మాట అంటారు: "ముక్కుల కండ పెరిగింది సార్, కోసెయ్యుండ్రి."

అద్దం ముందు టార్చి వేసుకుంటే గులాబి రంగులో కనిపించేది చాలాసార్లు అసలు కండే కాదు. అది అందరి ముక్కులోనూ ఉండే టర్బినేట్. పీల్చే గాలిని తడిపి, వెచ్చబరచడం దాని పని. నిజంగా పెరిగే కండ, అంటే పాలిప్, వేరు. లేత బూడిద రంగులో, తొక్క ఒలిచిన ద్రాక్షపండులా నిగనిగలాడుతుంది. తాకినా నొప్పి ఉండదు.

అపోహ: ఆపరేషన్ చేయించినా మళ్లీ వస్తుంది, డబ్బులు దండగ.

మళ్లీ రావచ్చన్నది నిజం. దండగన్నది నిజం కాదు. ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల (సైనస్‌ల) లోపలి పొర వాచిపోయి ఉండటమే అసలు జబ్బు, పాలిప్ దాని నుంచి పుట్టిందే. ఈ వాపు 12 వారాలు దాటితే దీర్ఘకాలిక సైనసైటిస్ అంటాం. పాలిప్స్ ఉన్న చాలామందిలో ఇయోసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు ఆ పొరలో చేరి వాపును తగ్గనివ్వవు. కత్తి ఈ గుణాన్ని మార్చలేదు. ఎండోస్కోపుతో చేసే ఆపరేషన్ మూసుకుపోయిన సైనస్ దారులు తెరుస్తుంది, ముక్కులో కొట్టుకునే స్ప్రే మందు లోపలిదాకా చేరుతుంది. ఆ మందు వాడాలి కదా! ఊపిరి ఆడుతోంది, పప్పులో పోపు వాసన మళ్లీ తెలుస్తోంది అనగానే స్ప్రే మానేసి, ఏడాదికి మళ్లీ దిబ్బడతో వచ్చినవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. బీపీ మాత్రలాగే ఇదీ రోజూ వాడాల్సిందే.

అపోహ: స్ప్రేలో స్టెరాయిడ్ ఉంది, ఒళ్లు పాడవుతుంది.

మోమెటాసోన్, ఫ్లూటికాసోన్ స్ప్రేల నుంచి రక్తంలో కలిసేది చాలా తక్కువ. కుడి రంధ్రంలోకి ఎడమ చేత్తో, ఎడమ రంధ్రంలోకి కుడి చేత్తో, మధ్య గోడకు తగలకుండా కొట్టుకోండి. భయపడాల్సింది మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే దిబ్బడ చుక్కలకు. జైలోమెటాజోలిన్ లాంటివి వారం దాటి వాడితే, ఆ చుక్కలే ముక్కును మూసేస్తాయి.

అపోహ: ముక్కుకూ, ఒళ్లునొప్పుల గోలీకీ సంబంధం లేదు.

కొందరికి పాలిప్స్, ఆస్తమా రెండూ ఉంటాయి, ఆస్పిరిన్ అనే నొప్పి గోలీ పడదు. 1922లోనే ఫ్రెంచ్ వైద్యుడు విడాల్ ఈ మూడింటి కలయికను గుర్తించాడు. ఇలాంటివాళ్లు నాట్లప్పుడు నడుం నొప్పికి ఆస్పిరిన్ కోవకే చెందిన డైక్లోఫెనాక్ ఇంజక్షన్ వేయించుకుంటే ఊపిరి అందక ప్రాణాల మీదికి రావచ్చు. సూది వేయించుకునే ముందే "నాకు ముక్కులో పాలిప్స్, ఆస్తమా ఉన్నాయి" అని చెప్పండి.

పెరుగు తింటే కండ పెరుగుతుందన్నదానికి ఆధారం లేదు. ముక్కులో పసరు పిండించుకోవద్దు, లోపలి పొర కాలిపోతుంది. ఉప్పునీటితో కడుక్కోవడం మంచిదే, కానీ నల్లా నీళ్లు నేరుగా వద్దు. మరగబెట్టి చల్లార్చినవే వాడండి.

మందులకూ ఆపరేషన్‌కూ లొంగనివారికి ఇప్పుడు డుపిలుమాబ్ ఇంజక్షన్ ఉంది. పాలిప్స్‌కు అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. వాపును రగిలించే ఐఎల్-4, ఐఎల్-13 అనే రసాయన సంకేతాలను అది అడ్డుకుంటుంది. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ.

ఇక క్యాన్సర్ భయం. రెండు వైపులా వచ్చే మామూలు పాలిప్స్ క్యాన్సర్ కావు. ఒక్క వైపే దిబ్బడ ఉండి, అదే వైపు నుంచి రక్తం కారుతుంటే మాత్రం కోతలు అయ్యేదాకా ఆగకుండా వచ్చేయండి. స్కాన్ తీసి, అవసరమైతే ముక్క పరీక్షకు పంపుతాం.