ఫోటోల కేబీలు తగ్గించడం: అపోహలు - వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య మా ఫోటో, డీటీపీ షాపు. బ్యాంకు పరీక్షల చివరి తేదీ దగ్గర పడిందంటే పిల్లలు టెన్షన్‌తో పరుగెత్తుకొస్తారు. "అన్నా, ఫోటో అప్‌లోడ్ అవ్వట్లేదు, సైజు తగ్గించవా?" చదువుకోవాల్సిన గంటలు దీనికి పోతుంటే బాధేస్తుంది. ఇంట్లోనే చేసుకోగలిగిన పని ఇది. కొన్ని తప్పుడు నమ్మకాలు పోతే చాలు.

అపోహ: డీపీఐ 300 నుంచి 72కి మారిస్తే ఫైలు తగ్గిపోతుంది.

వాస్తవం: డీపీఐ అంటే ప్రింటు తీసేటప్పుడు అంగుళానికి ఎన్ని చుక్కలు వేయాలో చెప్పే అంకె మాత్రమే. పిక్సెళ్లు, అంటే ఫోటోను కూర్చే చిన్న చిన్న రంగు గళ్లు, మారకుండా ఆ అంకె ఒక్కటీ మారిస్తే కేబీలు తగ్గవు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో తగ్గినట్టు కనిపిస్తుందంటే, అవి వెనకాల పిక్సెళ్లను కూడా కోసేస్తున్నాయన్నమాట. ముందు చూడాల్సింది పిక్సెళ్లనే. 4000×3000 ఫోటోలో 1.2 కోట్ల పిక్సెళ్లుంటాయి. పొడవు, వెడల్పు రెండూ సగం చేస్తే మిగిలేది పావు వంతు, 30 లక్షలు. బ్యాంకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ దరఖాస్తులో ఫోటోకు 200×230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ అడుగుతారు. చాలామంది 4000 పిక్సెళ్లను అలాగే ఉంచి, క్వాలిటీని (సేవ్ చేసేటప్పుడు 100 లోపు ఇచ్చే అంకె) అట్టడుక్కి లాగి 50 కేబీకి తేవాలని చూస్తారు. దాంతో ముఖమంతా గళ్లు గళ్లుగా వస్తుంది. ముందు కొలత తగ్గించండి, తర్వాతే క్వాలిటీ జోలికి వెళ్లండి.

అపోహ: ఒకే ఫోన్‌తో తీస్తే అన్ని ఫోటోలూ ఒకే సైజులో ఉండాలి.

వాస్తవం: ఆర్కే బీచ్‌లో అలల నురుగు, ఇసుక, జనం నిండిన ఫోటో తీయండి. అదే ఫోన్‌తో మబ్బుల్లేని ఆకాశాన్ని తీయండి. రెండింటి ఎంబీలు చూస్తే మొదటిదే బాగా పెద్దది. ఫోటోలను చిన్నగా దాచే జేపీఈజీ పద్ధతి ఫోటోను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, మన కన్ను పట్టించుకోని సన్నని తేడాలను వదిలేస్తుంది. నున్నని ఆకాశంలో దాచుకోవాల్సిందే తక్కువ, నురుగులో ప్రతి గడీ నిండా వివరమే. పాస్‌పోర్ట్ ఫోటోకు తెల్లటి, ముడతలు లేని బ్యాక్‌గ్రౌండ్ పెడితే కేబీలు కలిసొచ్చేది ఇందుకే.

అపోహ: క్వాలిటీ 100 నుంచి తగ్గిస్తే ఫోటో పాడవుతుంది.

వాస్తవం: 100 నుంచి 85కి తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి, తేడా పట్టుకోవడం కష్టం. ఫైలు మాత్రం చాలాసార్లు సగానికంటే తక్కువకు పడిపోతుంది. మరీ కిందికి దిగితేనే అక్షరాల అంచులు, సాయంత్రపు ఆకాశంలో రంగులు చెడతాయి.

జిప్ చేస్తే తగ్గుతుందంటారు. జేపీఈజీ ఇప్పటికే పిండేసిన బట్ట లాంటిది, మళ్లీ పిండితే నీళ్లు రావు. పీఎన్‌జీ అనే మరో ఫైలు రకంగా మారిస్తే ఇంకా నష్టం, ఫోటో చాలా రెట్లు పెరిగిపోతుంది. పీఎన్‌జీ స్క్రీన్‌షాట్లకు, లోగోలకు మంచిది.

అపోహ: ఫోటోను తెరిచి చూసిన ప్రతిసారీ క్వాలిటీ తగ్గుతుంది.

వాస్తవం: చూసినా, కాపీ చేసినా ఏమీ కాదు. మార్పు చేసి మళ్లీ జేపీఈజీగా సేవ్ చేసినప్పుడే కొంత పోతుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపినా పిక్సెళ్లు తగ్గుతాయి. ప్రింటుకు ఇచ్చేవాళ్లు డాక్యుమెంట్‌గా పంపండి.

అపోహ: సైజు తగ్గించే వెబ్‌సైట్ ఏదైనా ఒకటే.

వాస్తవం: చాలా సైట్లలో మీ ఫైలు వాళ్ల సర్వర్‌కు వెళుతుంది. బీచ్ ఫోటో అయితే సరే. ఆధార్, సంతకం, మార్కుల లిస్టు మాత్రం దయచేసి అలా పెట్టకండి. విండోస్ పెయింట్‌లో ఫోటో తెరిచి, రీసైజ్‌లో పిక్సెల్స్ ఎంచుకుని కొలత ఇవ్వండి. తర్వాత 'సేవ్ యాజ్'లో జేపీఈజీ ఎంచుకుని కొత్త పేరుతో దాచండి. అసలు ఫోటోను అలాగే ఉంచండి. ఒకసారి పోయిన పిక్సెళ్లను ఏ యాప్ వెనక్కి తేలేదు, ఊహించి నింపుతుందంతే.