అలలు లేని చోటు

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దాటాక ఇసుకలో కూర్చున్నాం. ఏడేళ్ల మనవడు కాసేపు సముద్రాన్ని చూసి వేలు పెట్టి చూపించాడు. "తాతా, అక్కడ అలల్లేవు కదా, అక్కడ దిగుదామా?"

అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతున్నాయి. మధ్యలో ఒక పాయ మాత్రం కాస్త నల్లగా, నున్నగా ఉంది. వాడి లెక్క వాడిది: పడదోసేది అల, అది లేకపోతే భయం లేదు. కానీ మనిషిని లోపలికి లాక్కుపోయేది సరిగ్గా ఆ పాయే.

అలలు ఒడ్డుకి తెచ్చిపోసిన నీళ్లు ఏదో దారిన వెనక్కి పోవాలి. ఇసుక మేటల మధ్య లోతైన సందు దొరికితే అన్నీ అక్కడ చేరి ఏరులా పారతాయి. లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అల విరగదు. జోరు మీదున్నప్పుడు ఆ ప్రవాహం సెకనుకు 2 మీటర్లు దాటగలదు. గజ ఈతగాళ్లు కూడా ఎదురీది నెగ్గలేరు. అది మనిషిని కిందికి లాగదు, దూరంగా తీసుకుపోతుంది. ఒడ్డుకేసి ఎదురీది అలసిపోయినవాళ్లే మునిగిపోతారు. తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఈత వస్తే ఒడ్డు వెంబడి పక్కకి ఈది, అలలు విరిగే చోటు చేరాక ఒడ్డుకి తిరగాలి.

పుల్లతో ఇసుకలో సందు గీసి, దోసిళ్లతో నీళ్లు పోసి చూపించాను. నీళ్లన్నీ ఆ సందులోకే పరిగెత్తాయి. "ఓహో" అన్నాడు. ఏడేళ్లకి కంటితో చూసిన కారణం బుర్రకెక్కుతుంది.

వాడి చెల్లెలికి రెండేళ్లు. దానికి కారణాలు చెప్పి లాభం లేదు, దాని ప్రమాదం సముద్రం దాకా రానక్కర్లేదు కూడా. మా వీధిలో కుళాయి పొద్దున కాసేపే వస్తుంది, బాత్రూమ్‌లో బకెట్లూ డ్రమ్ములూ ఎప్పుడూ నిండే ఉంటాయి. రెండేళ్ల పిల్లకి తల ఒంటి పొడవులో దాదాపు ఐదో వంతు. బకెట్లోకి వంగితే ఆ బరువుకి తలకిందులవుతుంది, మళ్లీ లేవలేదు. కేక కూడా వినపడదు. ప్రపంచవ్యాప్తంగా నీట మునిగి చనిపోయేవాళ్లలో 1–4 ఏళ్ల పిల్లల రేటే అన్నిటికన్నా ఎక్కువ. అందుకే ఆ వయసులో అలవాటు నేర్చుకోవాల్సింది ఇంట్లో పెద్దవాళ్లు: వాడని బకెట్టు బోర్లించడం, డ్రమ్ముకి మూత, తలుపుకి పైన గడియ. రోజూ చూసి చూసి ఇప్పుడు ఆ పిల్ల తన మగ్గు తనే బోర్లిస్తోంది.

బీచ్ రోడ్డు దాటడం మరో సంగతి. ఎదురొచ్చే బండి కంటికి ఎంత త్వరగా పెద్దదవుతోందో దాన్నిబట్టి మనం వేగం పోల్చుకుంటాం. బడికెళ్లే చిన్నపిల్లల చూపుకి ఆ నేర్పు ఇంకా పూర్తిగా రాదు. మా ఏడేళ్లవాడు ఎంత తెలివైనవాడైనా, వాడికి పదేళ్లొచ్చేదాకా రోడ్డు మీద చెయ్యి వదలను.

పదిహేనేళ్ల పెద్ద మనవడికి ఇవన్నీ తెలుసు. ఒంటరిగా వస్తే లోతుకి పోడు. నలుగురు స్నేహితులుంటే పోతాడు. ఆ వయసులో సరదాకి ఎగిసిపడే మెదడు భాగం ముందే పదునెక్కుతుంది, ఆపే భాగం పాతికేళ్ల దాకా కుదురుకుంటూనే ఉంటుంది. కాబట్టి వాడికి మళ్లీ పాఠం చెప్పలేదు. బయల్దేరే ముందు ఇంట్లోనే ఒప్పందం చేసుకున్నాం: మోకాలి లోతు దాటకూడదు, లైఫ్‌గార్డు వద్దన్న చోట దిగకూడదు, ఎవరైనా కొట్టుకుపోతే వెనకాల దూకకుండా తాడో మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బానో విసరాలి, 112కి ఫోన్ చెయ్యాలి. కాపాడబోయి పోయిన స్నేహితుల వార్తలు ఈ తీరంలో చాలా చదివాను. ఆ చివరి మాట వాడి చేత రెండుసార్లు పైకి చెప్పించాను.

మొన్న ఆదివారం చిన్నవాడు చెప్పులు విప్పకుండానే కూర్చుని నీళ్లకేసి చూశాడు. ఇసుక మేటలు కదిలితే ఆ సందూ కదులుతుందని వాడికి ఎవరూ చెప్పలేదు. "తాతా, అది ఇవాళ కొంచెం భీమిలి వైపు జరిగింది" అన్నాడు.