రూట్ తెలిసినంత మాత్రాన రిసీవర్ కాలేరు: క్వార్టర్‌బ్యాక్ మార్పుపై అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ చివర్లో ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్, అంటే జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం, ముగిసిందంటే నాకు ఒకే తరహా ఫోన్లు మొదలవుతాయి. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడిగా, ఆడిన కుర్రవాణ్ణి ఏ జట్టూ ఎంచుకోలేదు, కానీ ఒక జట్టు ట్రైఔట్‌కు పిలిచి, విసిరిన బంతిని పట్టే రిసీవర్‌గా ఆడతావా అని అడిగింది. ట్రైనింగ్ క్యాంప్ జూలై చివర్లో గనుక ఈలోగా తయారైపోవచ్చని అతని లెక్క. డాలస్ పరిసరాల్లో రిసీవర్లకు శిక్షణ ఇవ్వడమే నా వృత్తి కాబట్టి ఈ లెక్కను ఏటా వింటున్నాను. ఆదివారాలు ఆట చూసే మన తెలుగు మిత్రులు కూడా ఇదే మాట ఎంతో ధీమాగా అంటుంటారు. అందుకే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహతోనే మొదలుపెడుతున్నాను.

అపోహ: ఇన్నేళ్లూ రూట్లన్నీ (రిసీవర్లు పరుగెత్తే దారులు) తానే పిలిచి ఆడించినవాడికి రిసీవర్‌గా ఆడటం ఎంతసేపు?

వాస్తవం: రూట్ ఎక్కడికి వెళ్తుందో తెలియడం వేరు, ఆ రూట్‌ను కాళ్లతో నడిపించడం వేరు. పన్నెండు గజాలు పరుగెత్తి ఠక్కున ఆగి వెనక్కి తిరిగే కర్ల్ రూట్‌నే తీసుకోండి. ఎదుట రిసీవర్‌ను కాసే కార్నర్‌బ్యాక్ ఇది లాంగ్ బాల్ (దూరం విసిరే పాస్) అని నమ్మేంత వేగంతో దూసుకువెళ్లి, ఆ వేగాన్ని మూడు అడుగుల్లో చంపేసి, తుంటి దించి, ఛాతీని కాలివేళ్ల మీదికి తెచ్చి, బంతి వైపు తిరగాలి. క్వార్టర్‌బ్యాక్ శరీరం చిన్నప్పటి నుంచి దీనికి సరిగ్గా వ్యతిరేకంగా తయారై ఉంటుంది. అతడు నిటారుగా నిలబడతాడు, కళ్లు మైదానమంతా చూస్తుంటాయి, పరుగెత్తాల్సి వస్తే వంపు తిరిగి దెబ్బ తప్పించుకుంటాడు. ఉదయం మంచు తడి ఆరని గడ్డి మీద మొదటి రోజు సాధన చేయించి, ఆ క్లీట్ల గుర్తులను అతనికే చూపిస్తాను. అలవాటున్న రిసీవర్ ఆగిన చోట మూడు పొట్టి, లోతైన గుర్తులు పక్కపక్కనే ఉంటాయి. క్వార్టర్‌బ్యాక్ ఆగిన చోట గుర్తులు అర్ధచంద్రాకారంగా రెండు గజాల మేర సాగిపోయి ఉంటాయి. ఆ రెండు గజాల్లోనే కార్నర్‌బ్యాక్ బంతి ముందుకు వచ్చేస్తాడు.

స్నాప్ కాగానే, అంటే బంతి వెనక్కి అందించి ఆట మొదలవగానే, ఎదురయ్యేది ఇంకో కష్టం. మొదటి 5 గజాల లోపల రిసీవర్‌ను చేతులతో అడ్డుకునే హక్కు ఎన్ఎఫ్ఎల్‌లో డిఫెండర్‌కు ఉంది. సాధనలో తనను ముట్టుకోకూడదని తెలిపే రంగు జెర్సీ వేసుకుని పెరిగిన మనిషికి, ఆట మొదలైన క్షణమే ఛాతీ మీద రెండు చేతులు పడటం పూర్తిగా కొత్త అనుభవం. అక్కడ అర సెకను పోతే చాలు, లెక్క ప్రకారం విసిరిన బంతి రిసీవర్ లేని చోటికి చేరుతుంది, దాన్ని ప్రత్యర్థి పట్టేస్తే ఆ ఇంటర్‌సెప్షన్ మాత్రం విసిరిన క్వార్టర్‌బ్యాక్ ఖాతాలో పడుతుంది. అలా రెండుసార్లు జరిగితే అతను ఈ కుర్రవాడి వైపు చూడటమే మానేస్తాడు. పైగా, బంతి పట్టేటప్పుడు కాలేజీలో ఒక పాదం మైదానం గీత లోపల పడితే చాలు, ఇక్కడ రెండూ పడాలి. ఎన్నడూ గీత అంచున బంతి పట్టే పని పడనివాడికి రెండో పాదాన్ని ఈడ్చి లోపల ఆనించడం ఎంత చెప్పినా ఒక్క వేసవిలో ఒంటపట్టదు.

జూలియన్ ఎడెల్‌మన్‌ను చూడండి. కెంట్ స్టేట్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన ఆయనను న్యూ ఇంగ్లండ్ జట్టు 2009లో ఏడో రౌండ్‌లో, 232వ ఎంపికగా తీసుకుంది. తొలి ఏడాది 37 క్యాచ్‌లు వచ్చాయి, ఆ తర్వాత మూడేళ్లలో వరుసగా 7, 4, 21 మాత్రమే. ఐదో సీజన్, అంటే 2013లో, 105 క్యాచ్‌లతో 1,056 గజాలు సాధించాడు. 2019 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, అయ్యాడు. అందరికీ ఆ సూపర్ బౌల్ గుర్తుంటుంది, మధ్యలోని ఆ 7, 4 ఎవరికీ గుర్తుండవు. రూట్ల పరిజ్ఞానం ఆయనకు తప్పక అక్కరకొచ్చింది. జోన్ డిఫెన్స్‌లో (ఒక్కో డిఫెండర్ ఒక్కో ప్రాంతాన్ని కాసే పద్ధతి) ఖాళీ ఎక్కడ తెరుచుకుంటుందో క్వార్టర్‌బ్యాక్ కళ్లతో చూడగలిగేవాడు. కానీ ఆ తెలివి ఫలించింది కాళ్లు పని నేర్చుకున్న తర్వాతే.

టెరెల్ ప్రయర్ అంతకాలం తీసుకోలేదు కదా అని వెంటనే అడుగుతారు. 2015లో రిసీవర్‌గా మారి, 2016లో క్లీవ్‌లాండ్ తరఫున 77 క్యాచ్‌లతో 1,007 గజాలు సాధించిన మాట నిజమే. 2013లో క్వార్టర్‌బ్యాక్‌గా ఉండగానే 93 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేసిన శరీరం అది. అంతటివాణ్ణి కూడా 2015 సీజన్ మొదట్లో జట్టు వదులుకుని, ఆ ఏడాది చివర్లో తిరిగి తీసుకుంది. జట్టు మారిన 2017లో 240 గజాల దగ్గరే ఆగిపోయాడు. ఆ ఏడాది గాయం కూడా తోడైంది. ఆ ఒక్క సీజన్‌ను చూసి మూడు నెలల ప్రణాళిక వేసుకోవద్దు.

కొన్నేళ్ల క్రితం టెక్సస్‌లోని ఒక చిన్న కాలేజీ నుంచి వచ్చిన కుర్రవాడు, కోచ్, నాకింకా టైం ఉందా అని రోజూ సాధన అయ్యాక అడిగేవాడు. అతని ఆందోళన నాకు అర్థమైంది. అతనికి కాలేజీ మూడో ఏడాదే ఈ మార్పు గురించి కోచ్‌లు చెప్పారట. చుట్టుపక్కలవాళ్లు మాత్రం, నీకు రూట్లన్నీ వచ్చు, డ్రాఫ్ట్ అయ్యాక చూసుకోవచ్చులే అన్నారట. ఆ మాట అతని నుంచి రెండు సీజన్లు లాగేసుకుంది. క్యాంప్ రెండో వారంలో అతన్ని ఇంటికి పంపించేశారు. జకోబీ మైయర్స్ కూడా నార్త్ కరోలినా స్టేట్‌కు క్వార్టర్‌బ్యాక్‌గానే వెళ్లాడు, కానీ కాలేజీలో ఉండగానే మారిపోయాడు. 2019లో డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకపోయినా నిలదొక్కుకుని, 2024లో 1,027 గజాలు సాధించాడు. మార్పు జరగాల్సింది కాలేజీలో, బంతులు జారవిడిచినా ఉద్యోగం పోని చోట.

అపోహ: నలభై గజాలు 4.4 సెకన్లలో పరుగెత్తితే మిగతాదంతా అదే వస్తుంది.

వాస్తవం: రాదు. మ్యాట్ జోన్స్ ఆర్కన్సాలో క్వార్టర్‌బ్యాక్. ఆరడుగుల ఆరంగుళాల మనిషి, 4.4 లోపే పరుగెత్తాడు. 2005లో జాక్సన్‌విల్ అతన్ని మొదటి రౌండ్‌లోనే తీసుకుంది. నాలుగు సీజన్లు ఆడినా ఒక్కసారి కూడా 1,000 గజాలు అందలేదు. ఎడెల్‌మన్ ఎత్తు ఐదడుగుల పది అంగుళాలు. గడియారం ముందు పరుగు తప్ప మరేమీ చేయించని శిక్షకులకు దయచేసి డబ్బు పోయకండి.

అపోహ: విసరడం కూడా వచ్చు కాబట్టి ట్రిక్ ప్లేల (ప్రత్యర్థిని ఏమార్చే ఎత్తుల) కోసమైనా జట్టు ఉంచుకుంటుంది.

వాస్తవం: 2006 సూపర్ బౌల్‌లో పిట్స్‌బర్గ్ రిసీవర్ ఆంట్వాన్ ర్యాండిల్ ఎల్ విసిరిన 43 గజాల టచ్‌డౌన్ పాస్‌ను అందరూ చెప్పుకుంటారు. అలాంటిది సీజన్ మొత్తంలో ఒకటో రెండో వస్తాయి. 53 మంది జాబితాలో ఐదో ఆరో రిసీవర్‌ను నిలబెట్టేది స్పెషల్ టీమ్స్ (బంతిని తన్నే సందర్భాల్లో దిగే బృందాలు). పంట్ కవరేజ్‌లో గన్నర్‌గా, అంటే తన్నిన బంతిని పట్టేవాడి మీదికి ముందుగా, పరుగెత్తి ట్యాకిల్ చేయగలవా, రన్ ప్లేలో వెనుక కాసే సేఫ్టీని బ్లాక్ చేయగలవా అన్నదే అక్కడ అడుగుతారు. ఎడెల్‌మన్ క్యాచ్‌లు తగ్గిన ఆ సంవత్సరాల్లో పంట్లు పట్టుకుని ఎదురు పరుగెత్తాడు, 2011లో డిఫెన్స్‌లో కూడా ఆడాడు.

అపోహ: రిసీవర్‌గా మారమన్నారంటే అవమానించినట్టే, లేదా జట్టు చెప్పింది గనుక తలవంచాల్సిందే.

వాస్తవం: రెండూ కావు, కానీ ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 1968లో డెన్వర్ తరఫున మార్లిన్ బ్రిస్కో 14 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. నల్లజాతివాడైన ఆయనకు మరుసటి ఏడాది అక్కడ క్వార్టర్‌బ్యాక్‌గా అవకాశమే ఇవ్వలేదు. బఫెలో వెళ్లి రిసీవర్‌గా మారి 1970లో 1,036 గజాలు సాధించాడంటే అది ఆయన ప్రతిభ. అంతమాత్రాన జరిగింది న్యాయం కాదు. వారెన్ మూన్ 1978లో స్థానం మార్చుకోవడానికి ఒప్పుకోక, కెనడా వెళ్లి అక్కడి లీగ్ టైటిల్ గ్రే కప్‌ను ఐదుసార్లు గెలిచి, చివరికి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. 2018లో లమార్ జాక్సన్‌ను కూడా రిసీవర్‌గా మారమన్నవారున్నారు. మరుసటి ఏడాదికే ఆయన క్వార్టర్‌బ్యాక్‌గా లీగ్ ఎంవీపీ అయ్యాడు. కాబట్టి ఎవరైనా మారమన్నప్పుడు, నా విసురులో మీకు కనిపించిన లోపం ఏమిటని సూటిగా అడగండి. వీడియో చూపించి వివరించగలిగిన కోచ్ మాటను ఆలోచించండి. వివరణ ఇవ్వలేనివారి మాట పక్కన పెట్టి, ఇంకో జట్టు అభిప్రాయం తీసుకోండి.

అపోహ: క్యాంప్‌లో పేరు తొలగిస్తే ఇక అంతే.

వాస్తవం: జట్టుతో సాధన చేసే అదనపు ఆటగాళ్ల బృందమైన ప్రాక్టీస్ స్క్వాడ్‌లో 16 స్థానాలుంటాయి. కాళ్లు ఇంకా నేర్చుకుంటున్నవాడికి, వారం వారం అసలైన కార్నర్‌బ్యాక్‌ల ఎదుట రిలీజ్ (స్నాప్ కాగానే డిఫెండర్ చేతులు తప్పించుకోవడం) సాధన చేసే అవకాశం అంతకన్నా మెరుగ్గా ఎక్కడా దొరకదు. ఆ పిలుపు వస్తే జీతం తక్కువని చూడకుండా వెళ్లండి. వెళ్లిన రోజే స్పెషల్ టీమ్స్ కోచ్‌ను కలిసి, ఏ యూనిట్‌లో ఖాళీ ఉందో కనుక్కోండి.