తెల్ల కార్డు లేకపోతే ఉచిత లాయర్ రాడా? లీగల్ ఎయిడ్ మీద అపోహలు, వాస్తవాలు

"మాకు తెల్ల కార్డు లేదు మేడమ్, లీగల్ ఎయిడ్ రాదంట కదా?"

జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్యానెల్ లాయర్‌గా ఉన్న నాకు ఈ మాట వినకుండా వారం గడవదు. ఎవరు చెప్పారమ్మా అని అడిగితే ఒకరు డాక్యుమెంట్ రైటర్ అంటారు, ఒకరు తోడికోడలు అంటారు, ఒకావిడైతే కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపులో చెప్పారంది. చెప్పినవాళ్ళు ఆ మాట అనేసి వాళ్ళ పని చూసుకుంటారు. నమ్మినవాళ్ళు మెడలో గొలుసు తాకట్టు పెట్టి ఫీజు కడతారు. గొలుసు కూడా లేనివాళ్ళు కోర్టు కాగితాన్ని బీరువాలో పెట్టి ఏమవుతుందో అని నిద్ర మానుకుంటారు. నేను చూసినంతలో జనాన్ని ఎక్కువ ముంచింది ఈ ఒక్క అపోహే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: తెల్ల రేషన్ కార్డు, ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఉంటేనే ఉచిత న్యాయ సహాయం.

వాస్తవం: న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో వచ్చింది, 1995 నవంబర్ 9 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 12 చూడండి. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, మనుషుల అక్రమ రవాణాకో వెట్టిచాకిరీకో గురైనవాళ్ళు, వరద, కరువు, భూకంపం, కుల దౌర్జన్యం, పారిశ్రామిక ప్రమాదం లాంటివాటి బాధితులు, కస్టడీలో ఉన్నవాళ్ళు. వీళ్ళెవ్వరికీ ఆదాయ పరిమితి లేదు. రేషన్ కార్డు ఊసే ఆ సెక్షన్‌లో లేదు. ఈ జాబితాలోకి రానివాళ్ళకు మాత్రమే ఆదాయం చూస్తారు. ఆ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఏడాదికి 3 లక్షల రూపాయలు, సుప్రీంకోర్టు కేసులకైతే 5 లక్షలు.

అంటే భర్త ప్రభుత్వ ఉద్యోగి అయినా భార్యకు అర్హత ఉంది. పుట్టింట్లో పదెకరాలున్నా ఉంది. సొంతిల్లు ఉన్నా, తను ఉద్యోగం చేస్తున్నా ఉంది. మహిళ అయితే చాలు.

"డబ్బున్న ఆడవాళ్ళకు కూడా ఉచితమేంటి?" అని చదువుకున్నవాళ్ళు కూడా నన్ను నిలదీస్తుంటారు. ఇల్లు భర్త పేరున ఉంటుంది. జీతం ఆయన ఖాతాలో పడుతుంది. ఆవిడ జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు కూడా చాలా ఇళ్ళలో ఆయన జేబులోనే ఉంటుంది. భరణం కోసం కోర్టుకొచ్చిన మనిషిని భర్త ఆదాయం చూపించి వెనక్కి పంపితే ఆవిడ ఎక్కడికెళ్ళాలి? చట్టం మహిళకు పరిమితి పెట్టకపోవడం నా దృష్టిలో చాలా సరైన పని.

ఆదాయం చూపించాల్సినవాళ్ళు కూడా ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి అలసిపోనక్కర్లేదు. నా ఆదాయం ఇంత అని అఫిడవిట్ ఇస్తే మామూలుగా చాలు, అది అబద్ధమని నమ్మే కారణం ఉంటే తప్ప. ఈ మాట సెక్షన్ 13లోనే ఉంది. ఎస్సీ, ఎస్టీలు కుల ధ్రువపత్రం, దివ్యాంగులు సదరం సర్టిఫికెట్ పెడితే సరిపోతుంది. అందరికీ వర్తించే షరతు ఒకటే: కేసులో కాస్తయినా పస ఉండాలి.

ఈ అపోహ వల్ల పోయేది ఫీజు డబ్బు ఒక్కటే అయితే నేనింత బాధపడను. గడువు పోతుంది. సివిల్ దావాలో సమన్లు అందిన రోజు నుంచి 30 రోజుల్లో జవాబు దావా, అంటే దావాకు మీ రాతపూర్వక సమాధానం, వేయాలి. కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా. "మనకు లాయర్ దొరకడు, ఆ రిజిస్టర్ పోస్ట్ తీసుకోకు, తీసుకోకపోతే కేసు నడవదు" అని సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి ఊళ్ళో ఉన్నారు. దయచేసి వాళ్ళ మాట వినకండి. తీసుకోనన్నారని పోస్ట్‌మ్యాన్ రాసి పంపితే కోర్టు దాన్ని సమన్లు అందినట్టే లెక్కిస్తుంది. మీరు రాకపోతే ఎక్స్‌పార్టీ చేస్తుంది, అంటే మీరు లేకుండానే కేసు నడుపుతుంది. ఆ తర్వాత డిక్రీ, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వు. ఆ డిక్రీని రద్దు చేయమని అడగడానికి మళ్ళీ 30 రోజులే గడువు.

బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ కేసు చెప్తాను. భర్త చనిపోయాడు. ఉంటున్న ఇల్లు తనదేనని మరిది దావా వేశాడు. లీగల్ ఎయిడ్‌కి వెళ్దామని ఆవిడే అనుకుందట. "నీకు ఇల్లుంది, మిషన్ల మీద ఆదాయం ఉంది, నీకివ్వరు, వెళ్తే పరువు పోతుంది" అని సొంత అన్నలే ఆపారు. కవరు వెనక్కి పంపించారు. ఆవిడ మా దగ్గరికి వచ్చేసరికి డిక్రీ అయిపోయింది, ఈపీ (డిక్రీని అమలు చేయించే పిటిషన్) నడుస్తోంది, ఇల్లు ఖాళీ చేయించడానికి కోర్టు ఉద్యోగి అమీనా వచ్చి వెళ్ళాడు. చేతులు వణుకుతుంటే కాగితాలు నా ముందు పెట్టి, "నాకు మీరు వస్తారా మేడమ్?" అని అడిగింది. మీరు మొదటి రోజు నుంచీ అర్హులేనమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆలస్యాన్ని మన్నించమని ఒక పిటిషన్, ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు చేయమని ఇంకొకటి, ఈపీ ఆపమని మరొకటి వేశాం. కోర్టు ఖర్చులు కట్టమని షరతు పెట్టి ఒప్పుకుంది. అక్కడితో గెలిచినట్టు కాదు, అసలు కేసు అక్కడ మొదలైంది. మొదట్లోనే వచ్చుంటే ఒక్క జవాబు దావాతో నిలబడాల్సిన చోటు అది. ఇప్పుడు ఇంట్లోనే ఉంది, కేసు నడుస్తోంది. ఇలా వచ్చేవాళ్ళలో అందరికీ ఆ అదృష్టం లేదు. ఆలస్యానికి సరైన కారణం చూపలేక పిటిషన్ కొట్టేస్తే ఏం చేయాలో పాలుపోదు.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

లీగల్ ఎయిడ్ క్రిమినల్ కేసులకే అంటారు. కాదు. కేసు వేయాలన్నా, మీ మీద వేసిన కేసును ఎదుర్కోవాలన్నా ఇస్తారు. భాగపంపకాలు, ఇంజంక్షన్ (ఒక పని చేయకుండా ఆపే కోర్టు ఆదేశం), భరణం, గృహహింస, పిల్లల కస్టడీ, వాహన ప్రమాద పరిహారం అన్నీ ఇందులోకి వస్తాయి. లాయర్ ఒక్కరే కాదు, కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు (సమన్లు పంపే ఖర్చు), నకళ్ళ ఖర్చు కూడా సంస్థే చూసుకుంటుంది.

"ఊరికే వచ్చే లాయర్ ఊరికే ఉంటాడు" అంటారు. ఈ మాట నన్ను నొప్పిస్తుంది, కానీ పూర్తిగా అబద్ధమని చెప్పను. పనిచేయనివాళ్ళు ఉంటారు, ఫీజు తీసుకునేవాళ్ళలో ఉన్నట్టే. మాకు గౌరవ వేతనం సంస్థ ఇస్తుంది. దారి ఖర్చులనో, గుమస్తాకనో ప్యానెల్ లాయర్ మీ దగ్గర ఒక్క రూపాయి అడిగినా తప్పే. అడిగితే, వాయిదాలకు రాకపోతే, ఏం జరుగుతోందో చెప్పకపోతే సంస్థ కార్యదర్శికి రాసివ్వండి. ఆ కార్యదర్శి ఒక జడ్జి. లాయర్‌ని మార్చమని అడగొచ్చు. అడిగితే కోపగించుకుంటారేమో అని భయపడకండి.

రాజీతో కేసులు తేల్చే లోక్ అదాలత్‌కి పిలిస్తే రాజీ పడి తీరాలని ఇంకో భయం. ఇష్టం లేకపోతే ఒప్పుకోవద్దు, కోర్టులో ఉన్న కేసు మళ్ళీ కోర్టుకే వెళ్తుంది. దీనికి అటువైపు ఇంకో పుకారు ఉంది, అది మరీ ప్రమాదం: ఇప్పటికి సంతకం పెట్టేసి తర్వాత అప్పీలుకి వెళ్దామని. లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడ రాసే రాజీ తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. పెద్దమనుషులు ఎంత తొందరపెట్టినా కాగితం మొత్తం చదివించుకుని, పిల్లల సంగతి, డబ్బు ఎప్పుడు ఎలా ఇస్తారన్నది రాశారో లేదో చూసుకుని అప్పుడు సంతకం చేయండి. రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, ఇది చాలామందికి తెలీదు.

లీగల్ ఎయిడ్‌కి అర్జీ పెట్టాం కాబట్టి కేసు వేసేసినట్టే అనుకోవడం కూడా పొరపాటు. అర్జీ అర్జీయే, దావా దావాయే. ప్రామిసరీ నోటుకు మూడేళ్ళ లిమిటేషన్ (దావా వేసే గడువు) వచ్చే నెలతో అయిపోతుందంటే, మీరు మా దగ్గర దరఖాస్తు ఇచ్చారని ఆ తేదీ ఆగదు. గడువు దగ్గరపడితే అర్జీలో మొదటి వాక్యంగా అదే రాయండి, నోటితోనూ చెప్పండి. దరఖాస్తు మీద వారంలోపు నిర్ణయం చెప్పాలన్నది మాకున్న నిబంధన.

ఎలా రావాలంటే, టోల్‌ఫ్రీ నంబర్ 15100కి ఫోన్ చేయండి. లేదా జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవా సదన్ ఎక్కడని అడగండి. మండలంలో కోర్టు ఉంటే అక్కడ మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, సిబ్బంది రాసుకుంటారు. కేసు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటే నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) పోర్టల్‌లో అక్కడి సంస్థకే దరఖాస్తు పెట్టుకోవచ్చు. వచ్చేటప్పుడు ఆధార్, మీ దగ్గరున్న కోర్టు కాగితాలన్నీ తెచ్చుకోండి. సమన్లు వచ్చిన కవరు మాత్రం పారేయకండి. దాని మీది పోస్టాఫీసు ముద్రలో ఉన్న తేదీని బట్టే మీకింకా ఎన్ని రోజులున్నాయో మేం లెక్కవేస్తాం.