నోరు తెరవనివ్వని గొంతునొప్పి

గొంతునొప్పి వస్తే ఉప్పునీళ్లు పుక్కిలిస్తాం, మిరియాల కషాయం కాచుకుంటాం, నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. చాలాసార్లు అంతే. కానీ నొప్పి ఒక్క పక్కకే చేరి, రోజురోజుకూ పెరిగి, నోరు తెరవడమే కష్టమైతే అది వేరే జబ్బు. టాన్సిల్ చుట్టూ చీము పడుతున్నదని అనుమానించాలి.

దేవరకొండ, అచ్చంపేట వైపు ఊళ్లలో ఇలాంటి మనిషి మొదట వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికి. ఇంజెక్షన్‌తో జ్వరం కాస్త దిగుతుంది, రాత్రికి మళ్లీ కాస్తుంది. ఇంకో రోజు గడిచేసరికి ఉమ్మి కూడా మింగుడుపడక, పక్కన గిన్నె పెట్టుకుని కూర్చుంటాడు. మాట మారిపోతుంది. వేడి వేడి జొన్న గటక నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టు ఉంటుంది. ఎక్కువగా పదిహేను, నలభై ఏళ్ల మధ్యవాళ్లలో కనిపించే జబ్బు కనుక, వయసులో ఉన్నవాడే కదా, తట్టుకుంటాడులే అని ఇంట్లోవాళ్లు ఇంకో రోజు చూస్తారు. ఆ ఒక్క రోజు గురించే నా బాధంతా.

లోపల ఏం జరుగుతుందో చూద్దాం. టాన్సిల్‌కు బయటి వైపు పలుచని తొడుగు ఉంటుంది. దాని వెనక గొంతు గోడ కండరం. ఈ రెంటి నడుమ ఉన్న వదులైన కణజాలంలోకి సూక్ష్మజీవులు చేరితే మొదట వాపు వస్తుంది, తర్వాత చీము గూడు కడుతుంది. స్ట్రెప్టోకాకస్, ఫ్యూసోబ్యాక్టీరియం ఇందులో ముఖ్యమైనవి. తరచుగా రెండు మూడు రకాలు కలిసే ఉంటాయి. పొగ తాగేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ.

చీము పెరిగేకొద్దీ టాన్సిల్ లోపలికి, కిందికి జరుగుతుంది. టార్చి వేసి చూస్తే ఒక పక్క అంగిలి ఎర్రగా ఉబ్బి, కొండనాలుక అవతలి పక్కకు ఒరిగి ఉంటుంది. ‘కొండనాలుక జారింది’ అని వేలితో ఉప్పు అద్ది పైకి నొక్కే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. దయచేసి ఈ సమయంలో ఆ పని చేయకండి. గడ్డ పగిలి చీము ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

గొంతు గోడ కండరానికి అవతలే దవడను కదిలించే కండరం ఉంది. వాపు దాన్ని తాకగానే అది బిగుసుకుంటుంది, నోరు తెరుచుకోదు. పెద్దవాళ్లకు మామూలుగా నోట్లో మూడు వేళ్లు నిలువుగా పడతాయి. గొంతునొప్పితో వచ్చిన మనిషికి ఒక వేలే పడుతున్నదంటే వెంటనే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపాలి. ఊళ్లో మొదట చూసేది ఆర్‌ఎంపీలే కనుక, ఈ ఒక్క పరీక్ష వాళ్లందరికీ తెలిసి ఉండాలని నా కోరిక. అదే పక్క చెవి కూడా పోటు పెడుతుంది. గొంతుకూ, నడిమి చెవికీ స్పర్శ తెలిపే నాడి ఒకటే కావడం అందుకు కారణం. చెవిలో చుక్కలు వేసి లాభం లేదు.

మాత్రలు ఎందుకు చాలవు? యాంటీబయాటిక్ నెత్తురు వెంట ప్రయాణిస్తుంది. చీము గూడు లోపల నెత్తురు పారదు. అందుకే చీము బయటికి తీయాలి, మందు కూడా ఇవ్వాలి. ఇంకా గూడు కట్టకుండా వాపు దశలోనే ఉంటే మాత్రం మందులతోనే తగ్గవచ్చు. ఏ దశో తేలకపోతే స్కానింగ్ చేస్తారు.

చీము తీయడమంటే పెద్ద ఆపరేషన్ అని భయపడతారు. చాలామందికి కుర్చీలో కూర్చోబెట్టే చేస్తారు. గొంతులో మత్తు మందు చల్లి, అంగిలి ఎక్కువగా ఉబ్బిన చోట లావుపాటి సూది గుచ్చి లాగుతారు. సూది తొడుగు కొన కత్తిరించి మళ్లీ తొడిగి, సుమారు ఒక సెంటీమీటరు మేరకే సూది బయటికి వచ్చేలా చూసుకుంటారు. ఎందుకంటే మెదడుకు నెత్తురు మోసే పెద్ద ధమని టాన్సిల్‌కు వెనక, రెండు రెండున్నర సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. సిరంజిలోకి పసుపుపచ్చని, దుర్వాసన కొట్టే చీము కొద్ది మిల్లీలీటర్లు వస్తుంది. అంతవరకు చుక్క నీరు దిగని మనిషి కాసేపటికే నీళ్లు తాగుతాడు. సూదితో పూర్తిగా రాకపోతే చిన్న గాటు పెట్టి తీస్తారు. చిన్నపిల్లలకు పూర్తి మత్తు అవసరం కావచ్చు.

తర్వాత సెలైన్, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, నొప్పి మందు ఇస్తారు. షుగరు ఉన్నవాళ్లకు దాన్ని అదుపులో పెట్టడం కూడా వైద్యంలో భాగమే. మింగగలిగాక మొత్తం 10 నుంచి 14 రోజుల కోర్సు వాడాలి.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఈఎన్‌టీ వైద్యం కోసం హైదరాబాద్ బస్సు ఎక్కాల్సిన రోజులు కావివి. ఊపిరి తీస్తుంటే శబ్దం వస్తున్నా, పడుకుంటే ఊపిరాడకపోయినా, మెడ వాచి బిగుసుకున్నా బస్సు కోసం చూడకుండా 108కు ఫోను చేయాలి. దారిలో మనిషిని కూర్చోబెట్టే తీసుకెళ్లాలి. పడుకోబెట్టకూడదు, నోట్లో బలవంతంగా ఏమీ పోయకూడదు.

ఒకసారి వచ్చిన వాళ్లలో నూటికి పది పదిహేను మందికి మళ్లీ రావచ్చు. అలా తిరగబెట్టినవాళ్లకు, అంతకుముందు నుంచే టాన్సిల్స్ తరచుగా వాచేవాళ్లకు వాటిని తీసేయమని సలహా ఇస్తారు. సాధారణంగా వాపు పూర్తిగా తగ్గాక, కొన్ని వారాలు ఆగి ఆ ఆపరేషన్ చేస్తారు. మిగతావాళ్లకు దాని అవసరం రాదు.