ఫోస్టర్ ఇంట్లో కుక్క: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ వీధుల్లో రెస్క్యూ చేసిన కుక్కలను, వాటికి ఇల్లు దొరికేదాకా మా ఇంట్లో ఉంచుకుంటాను. దీన్నే ఫోస్టర్ అంటారు. ప్రస్తుతం మా దగ్గర మిరియం ఉంది. నల్ల ఆడకుక్క. పళ్లు చూసి రెండేళ్లు ఉండొచ్చన్నారు డాక్టర్. బైక్ గుద్ది వెనక కాలు విరిగితే ప్లేటు వేశారు. ఇప్పుడు మెట్లెక్కుతోంది, సోఫా ఎక్కొద్దంటే మాత్రం వినదు. దాని అడాప్షన్ కోసం పోస్టు పెట్టినప్పటి నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. వాటిలో పదేపదే వినిపించే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

"ఇన్నాళ్లూ ఎవరూ తీసుకోలేదంటే దాంట్లో ఏదో లోపం ఉంది"

లోపం ఏమీ లేదు. నలుపు, ఆడ, పిల్ల వయసు దాటడం. ఈ మూడూ ఒక కుక్కలో కలిస్తే తీసుకునేవాళ్లు తగ్గిపోతారు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో కూడా లేత రంగు మగపిల్ల ముందు వెళ్తుంది, నల్ల ఆడపిల్ల చివరిదాకా ఉండిపోతుంది. శనివారం నల్లకుక్కకు రొట్టె పెడితే మంచిదని మా గేటు దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. ఇంటికి తీసుకెళ్తారా అంటే నవ్వేసి వెళ్లిపోతారు.

ఆడకుక్క అంటే ఎదకు రావడం, రక్తం, గేటు ముందు మగకుక్కల గుంపు అని భయం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్కకు ఇవేవీ ఉండవు. వయసు మీదపడ్డాక గర్భసంచిలో చీము పట్టే ప్రాణాంతకమైన జబ్బు భయమూ దాదాపు పోతుంది.

ఇంకో సంగతి, నల్లకుక్కకు ఫోటో శత్రువు. ఇంట్లో ట్యూబులైటు కింద తీస్తే కళ్లు కూడా కనపడవు. పొద్దున్నే నీడపట్టున, లేత రంగు గోడ ముందు కూర్చోబెట్టి, ఫోన్ స్క్రీన్ మీద దాని ముఖం దగ్గర నొక్కి వెలుతురు కాస్త పెంచండి. మిరియం కళ్లు తేనెరంగని చాలామంది అలా తీసిన ఫోటోల్లోనే గమనించారు.

"వీధికుక్క కదా, కరుస్తుంది"

వచ్చిన కొత్తలో మిరియం వాషింగ్ మెషిన్ వెనక దూరి కూర్చునేది. చీపురు చేతిలోకి తీసుకుంటే చాలు, ఉన్నచోటే పాస్ పోసేది. గిన్నె అక్కడ పెట్టి మేం పక్కకు తప్పుకుంటేనే తినేది. ఇది మొండితనం కాదు, కోపం అసలే కాదు, భయం. మొదటి 3 రోజులు బెదురు, 3 వారాలకు ఇంటి పద్ధతి తెలియడం, 3 నెలలకు ఇది నా ఇల్లే అనిపించడం అని మాలో ఒక లెక్క చెప్పుకుంటాం. శాస్త్రం కాదు, అంచనా మాత్రమే. కొన్ని కుక్కలు రెండో రోజే మంచమెక్కుతాయి.

గుర్రుమన్నప్పుడు కొట్టొద్దు, తిట్టొద్దు. గుర్రుమనడమంటే "ఇక ముందుకు రావద్దు" అని చెప్పడం. ఆ అలవాటు మాన్పిస్తే చెప్పకుండా కరవడం నేర్చుకుంటుంది. తింటున్నప్పుడు గిన్నె లాక్కోకుండా ఉంటే మా ఇళ్లలో సగం గొడవలు రావు.

కరవడం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి రేబిస్ సంగతీ చెప్పుకోవాలి. చిన్న గాటైనా సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. "దానికి టీకా వేయించాం కదా" అని ఆగొద్దు. రెస్క్యూ కుక్క మన దగ్గరికి రాకముందు దాన్ని ఏ కుక్క కరిచిందో ఎవరికీ తెలియదు. ఈ పనిలో ఉండాలనుకునేవాళ్లు ముందుజాగ్రత్త టీకా ఎలాగూ వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు.

"ఇండీలు (మన నాటు వీధికుక్కలు) గట్టివి, వాటికి రోగాలు రావు"

ఎక్కువ పిల్లల్ని చంపేది ఈ నమ్మకమే. వీధిలో తిరిగే పెద్దకుక్కల్ని చూసి గట్టివంటున్నాం, పిల్లప్పుడే పోయినవి మనకు కనపడవు.

పార్వో అనే వైరస్ జబ్బు వస్తే పిల్ల ముందు తిండి మానేస్తుంది, తర్వాత వాంతులు, నెత్తురు విరేచనాలు. ఆ వాసన ఒకసారి తెలిసినవాళ్లు మళ్లీ గుర్తుపడతారు. సెలైన్ పెట్టించడంలో ఒక్క రోజు ఆలస్యమైనా పిల్ల దక్కకపోవచ్చు. ఈ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగేసి అయిపోయిందనుకుంటారు. ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు, నీళ్లలో కలిపిన బ్లీచింగ్ కావాలి. పార్వో కేసు ఉన్న ఇంటికి టీకాలు పూర్తికాని పిల్లను కొన్ని నెలలపాటు పంపం, ఎంత బతిమాలినా సరే. మొదటి టీకా 6 నుంచి 8 వారాల వయసులో పడాలి. తర్వాత 3, 4 వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయించాలి. ఒక్క సూదితో అయిపోయిందనుకుని పార్కుకు తీసుకెళ్లడం మహా ప్రమాదం.

పెద్దకుక్కలకు గోమార్ల జ్వరం. జ్వరం, నీరసం, చిగుళ్లు పాలిపోవడం, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. గోమార్ల వల్ల వచ్చే ఎర్లీషియా అని తేలితే సాధారణంగా డాక్సీసైక్లిన్ 28 రోజులు ఇస్తారు. నాలుగో రోజుకే లేచి గెంతుతుంది కాబట్టి మాత్రలు ఆపేస్తుంటారు. ఆపకూడదు.

"గజ్జికుక్కను ఇంట్లో పెట్టుకుంటే మనకూ అంటుకుంటుంది"

గజ్జి అంతా ఒకటి కాదు. ఒంట్లో శక్తి తగ్గినప్పుడు వచ్చే డెమోడెక్స్ రకం మనుషులకు అంటదు. సార్కోప్టిస్ రకం అంటుతుంది. చేతుల మీద దద్దురొచ్చి దురద పుడుతుంది కానీ ఆ పురుగు మన ఒంటి మీద పిల్లలు పెట్టలేదు, కుక్కకు నయమైతే మనకూ పోతుంది. చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే ఏ రకమో తెలియొచ్చు, సార్కోప్టిస్ మాత్రం ఒక్కోసారి దొరకదు. పాత ఇంజన్ ఆయిల్ పూయడం మాత్రం దయచేసి ఆపండి. అది నాకి ఆసుపత్రి పాలైన కుక్కలున్నాయి.

అలాగే జననాంగాల దగ్గర రక్తం కారే గడ్డ కనపడితే "క్యాన్సర్, ఇక లాభం లేదు" అని వదిలేస్తారు. అది చాలావరకు టీవీటీ అనే, కుక్క నుంచి కుక్కకు పాకే కణితి. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ వారానికొకటి, సాధారణంగా నాలుగు నుంచి ఆరు, ఇస్తే ఎక్కువ శాతం పూర్తిగా పోతుంది. మనుషులకు రాదు. ఆ వారాల్లో మలమూత్రాలు ఎత్తేటప్పుడు గ్లవ్స్ వేసుకుంటే చాలు. ఆ తర్వాత అడాప్షన్‌కు అది మామూలు కుక్కే.

"పెరుగన్నం పెడితే చాలు"

కడుపు బాగోనప్పుడు మంచిదే. రోజూ అదే అయితే మాంసకృత్తులు చాలవు. గుడ్డో, ఎముకల్లేని చికెనో ఉండాలి. ఉడికిన చికెన్ ఎముకలు ముక్కలై పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషం. మన కూరల్లో ఉల్లి లేనిదెక్కడ? అందుకే మిగిలిపోయిన కూర కలపొద్దంటాం.

"ఉచితంగా ఇస్తూ ఇన్ని ప్రశ్నలా?"

ఇల్లు మీదేనా, అద్దెదా? ఇంట్లో అందరికీ ఇష్టమేనా? బాల్కనీకి గ్రిల్లుందా? పండక్కి ఊరెళ్తే ఎవరు చూస్తారు? ఇంటికొచ్చి చూస్తామంటే చాలామందికి కోపం వస్తుంది. కానీ ఫోన్లో తియ్యగా మాట్లాడినవాళ్ల ఇంటికెళ్తే పై అంతస్తు బాల్కనీలో మోకాలెత్తు గోడ మాత్రమే ఉండటం చూశాను.

నాకు తరచూ వచ్చే ఫోన్ ఇది: "మేడమ్, ఫామ్‌హౌస్ ఉంది మొయినాబాద్ దగ్గర. ఎకరం స్థలం. హాయిగా తిరుగుద్ది." రాత్రి ఎవరుంటారండీ? "వాచ్‌మన్ ఉంటాడు." వాళ్లు ఆదివారం వస్తారు. వారంలో మిగతా రోజులు కుక్క గొలుసుకు ఉంటుంది, వాచ్‌మన్ మారితే దాని తిండీ మారుతుంది. ఎకరం ఉన్నా గొలుసు పొడవు ఆరడుగులే. ఇలాంటివాటికి నేను వద్దనే చెబుతాను. రెండు గదుల ఫ్లాట్‌లో ఉండి, పొద్దునా సాయంత్రం బెల్టు పట్టుకుని బయటికి తిప్పే రిటైర్డ్ మాస్టారు నాకు ఎక్కువ ఇష్టం.

ఫ్లాట్ అనగానే "అసోసియేషన్ ఒప్పుకోదు" అంటారు. పెంపుడు జంతువులను నిషేధించే అధికారం అసోసియేషన్లకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో చెప్పింది. మెజారిటీ ఓటుతోనైనా కుదరదు. అయితే అద్దె ఇంటి ఓనర్ సంగతి వేరు. ఆయన ఒప్పుకున్నాడని మెసేజ్ చూపించమని అడుగుతాం, మొహమాటపడం.

కెనడాలో ఉన్న మనవాళ్లు "మాకు పంపండి" అంటుంటారు. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల నుంచి అడాప్షన్ కోసం కుక్కల్ని రానివ్వడం కెనడా 2022 సెప్టెంబరులోనే ఆపేసింది. ఆ జాబితాలో భారత్ ఉంది.

"మీకు అలవాటైపోయింది, పంపితే బెంగపెట్టుకుంటుంది"

పెట్టుకుంటుంది. కొన్నాళ్లు తిండి తగ్గుతుంది, తలుపు దగ్గర కాచుకుంటుంది. అయినా ఒక మనిషిని నమ్మడం తెలిసిన కుక్క రెండో మనిషిని తొందరగానే నమ్ముతుంది. అసలు నష్టపోయేది ఎవరితోనూ మెలగకుండా బోనులోనే నెలలు గడిపిన కుక్క. నాకు బాధ లేదా అంటే ఉంది. అన్నిటినీ ఉంచేసుకుంటే ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయ్యే తర్వాతి కుక్క మళ్లీ రోడ్డు మీదికే పోతుంది.

కొత్త ఇంట్లో కుదరకపోతే వెనక్కి మా దగ్గరికే పంపాలని అగ్రిమెంటులో రాయించుకుంటాం. వేరేవాళ్లకు ఇచ్చేయొద్దు, వదిలేయొద్దు. తిరిగొచ్చిన కుక్కను చెడ్డ కుక్క అనుకోం. ఆ ఇంట్లో చిన్నపిల్లలతో పడలేదని తెలిస్తే పిల్లల్లేని ఇల్లు వెతుకుతాం.

"ఫోస్టర్ అంటే నెలల తరబడి ఇరుక్కుపోవడం"

అక్కర్లేదు. ఆపరేషన్ అయ్యాక కుట్లు మానేదాకా 10 నుంచి 14 రోజులు ఉంచుకోగలిగేవాళ్లు కూడా మాకు కావాలి. ఖర్చు చాలావరకు రెస్క్యూ బృందమే పెడుతుంది, ఏది ఎవరు భరించాలో ముందే మాట్లాడుకోండి. ఇంట్లో ముందే కుక్క ఉంటే దాని టీకాల కార్డు చూస్తాం, మొదటి రోజుల్లో వేరే గది అడుగుతాం. దీపావళి వారంలో మాత్రం కొత్త ఇంటికి దేన్నీ పంపం, టపాసులకు బెదిరి గేటు దాటితే దొరకదు. సంక్రాంతికి ఫోస్టర్లందరూ ఒకేసారి ఊళ్లకు వెళ్తారు కాబట్టి, ఆ వారం నగరంలోనే ఉండేవాళ్ల కోసం డిసెంబరులోనే అడగడం మొదలుపెడతాం.