తాడుకి అవతలి మంచు

పెదవాల్తేరు, విశాఖపట్నం
మాఘ మాసం, ఆదివారం పొద్దున్న

పిల్లలూ,

సంక్రాంతి సెలవులకి కాశ్మీరు వెళ్ళొచ్చిన మన పక్కింటి ఆరో తరగతి అమ్మడు నిన్న మేడమీదికి వచ్చి ఓ ప్రశ్న వేసింది. "తాతయ్యా, గుల్మార్గ్‌లో కొండమీద వెదురుకర్రలు పాతి తాడు కట్టారు. ఇటూ మంచే, అటూ మంచే. అటువైపే ఇంకా బాగుంది, ఒక్క అడుగుజాడ కూడా లేదు. కాళ్ళకి స్కీలు, అవే మంచుమీద జారే పొడుగు పలకలు, వేసుకున్న ఇద్దరన్నలు నడుం వంచి తాడు కిందనుంచి దూరి జారుకుంటూ వెళ్ళిపోయారు. వాళ్ళకేం కాలేదు. మరి ఆ తాడెందుకు?"

ప్రశ్న బాగుంది. అందులో 'వాళ్ళకేం కాలేదు' అన్న ముక్క మరీ బాగుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మనకి తెలుగులో అన్నీ మంచే. తెల్లారి బీచ్‌రోడ్డుని కమ్మేది మంచు, గడ్డిమీద బొట్టు మంచు, ఫ్రిజ్ పైఅర గోడలకి పట్టేదీ మంచే. మా చిన్నతనంలో చేతికి తగిలే మంచు ఒక్కటే ఉండేది. మీద ఊక చల్లి, గోనెపట్టా కప్పి, రిక్షాలో చేపలరేవుకి పోయే ఐసుగడ్డ. దాన్నుంచి ఊడిపడే ముక్క కోసం వీధిలో పిల్లలందరూ వెనకాల పరుగు. అందుకే మంచు అనగానే మనకి ఒకే గడ్డ, ఒకే తెలుపు గుర్తొస్తాయి. కొండమీద మంచు అలా ఉండదు. పొరలు పొరలుగా ఉంటుంది.

పూతరేకు తిన్నారు కదా. ఆత్రేయపురంలో బోర్లించిన వేడికుండ మీద, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ పరిచి లాగితే కాగితంలాంటి రేకు లేస్తుంది. దానికి నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి, మీద ఇంకో రేకు వేసి మడతపెడతారు. చలికాలమంతా కొండ కూడా ఇలాగే ఒక పూతరేకు చుట్టుకుంటుంది. డిసెంబరులో కురిసినది ఒక రేకు, జనవరి మంచుతుఫానులో పడినది ఇంకోటి, గాలి మోసుకొచ్చి పరిచినది మరోటి. ఫిబ్రవరికల్లా మీ నాన్నగారి ఎత్తున దొంతర తయారవుతుంది.

నెయ్యి బాగా పట్టిన పూతరేకుని పళ్ళెంలో పెట్టి వాల్చండి. పొరలు విడిపోవు. నెయ్యి చాలక, రేకుకీ రేకుకీ మధ్య పొడి పంచదార మాత్రమే ఉంటే? కాస్త వాల్చగానే పై రేకు జారి ఒళ్ళో పడుతుంది. మంచు పొరలకి నెయ్యి ఏమిటంటే, కొన్నాళ్ళ వ్యవధీ, మరీ తీవ్రం కాని చలీ. పలుకుల అంచులు ఒకదాంతో ఒకటి కలిసి అతుకు పడతాయి. మంచు పల్చగా ఉండి, ఆకాశం నిర్మలంగా ఉండి, ఎముకలు కొరికే చలి రోజులు వరసగా వస్తే మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. నేల దగ్గర సున్నా డిగ్రీలు, పైన మైనస్ 15, మధ్యలో మీటరు మంచు అనుకోండి. అడుగునుంచి ఆవిరి పైకి పాకుతూ పలుకుల్ని కోణాలు తేలిన గింజలుగా మార్చేస్తుంది. మీటరు మందానికి 10 డిగ్రీలు మించి తేడా ఉంటే ఈ మార్పు జోరుగా సాగుతుంది. ఆ గింజల్ని గుప్పెట్లో పిసికితే ఉండ కట్టవు, వేళ్ళ సందుల్లోంచి రాలిపోతాయి. కొండమీద పనిచేసేవాళ్ళు దాన్ని పంచదార మంచు అనే అంటారు. పూతరేకుని ఊరికే తేలేదు నేను.

ఇంకో రకం పంచదార పైనుంచి వస్తుంది. చలి బాగా ముదిరిన ఉదయాల్లో లంబసింగి వైపు గడ్డిపరకల మీద తెల్లటి నూగు పడుతుందే, అలాంటిదే నిర్మలమైన రాత్రి మంచు ముఖం మీద మొలుస్తుంది. ఈకల్లాగా, ఫెర్న్ ఆకుల్లాగా, కొన్నిసార్లు వేలి గోరంత పొడుగున. ఎండ తగిలితే కొండంతా తళుక్కుమంటుంది. మర్నాడు దానిమీద అర మీటరు కొత్త మంచు పడిందా, ఆ ఈకలు లోపల నిలువుగా, పేకముక్కల ఇల్లులాగా, వారాల తరబడి అలాగే ఉండిపోతాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. గాల్లోని ఆవిరి ఎవరూ చెప్పకుండానే ఆకుల ఆకారం ఎందుకు ఎత్తుకుంటుందో, అంత అందమైనదే అంత పెళుసుగా ఎందుకుంటుందో మీకు చెబుదామని కూర్చున్నాను గానీ, ఆ మాట పక్కన పెట్టి ఫ్రిజ్ పైఅర తలుపు మూల పట్టిన నూగుని భూతద్దంతో ఒకసారి చూడండి. చెప్పడంకన్నా అదే నయం.

ఇక వాలు సంగతి. మీ జామెట్రీ బాక్సులో రెండు మూలమట్టాలుంటాయి. ఒకదానికి 30 డిగ్రీల మూల ఉంటుంది, రెండోదానికి 45. రెండింటినీ పక్కపక్కన నిలబెట్టండి. మంచు చరియలు ఎక్కువగా విరిగిపడేది ఈ రెండు వాలుల మధ్యే. ఇంతకన్నా తక్కువ వాలైతే రేకు సాధారణంగా కదలదు. మరీ నిట్రంగా ఉంటే మంచు నిలవదు, ఎప్పటికప్పుడు కొంచెం కొంచెంగా రాలిపోతుంది. తమాషా ఏమిటంటే, బాగా స్కీయింగ్ వచ్చినవాళ్ళకి మనసుపడే వాలు కూడా సరిగ్గా అదే.

ఆ వాలు మీద ఒక మనిషి బరువు పడుతుంది. పంచదార పొర ఒకచోట కూలుతుంది. 'వుంఫ్' మని బరువైన చప్పుడు, కాళ్ళ దగ్గరనుంచి బాణంలా పారే పగులు. మెత్తటి పొడిమంచు చారలాగా జారదు. పై రేకు మొత్తం పలకలాగా తెగుతుంది. ఎంత బరువో లెక్క కట్టండి: 50 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు, అర మీటరు మందం. వెయ్యి ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకి 200 కిలోలు వేసుకున్నా 200 టన్నులు, అంటే పది టన్నుల లారీలు ఇరవై. ఇది చిన్న చరియే. కొద్ది సెకన్లలోనే గంటకి 100 కిలోమీటర్ల దరిదాపు వేగం అందుకుంటుంది. ఆగిన మరుక్షణం పాకం ముదిరినట్టు బిగుసుకుపోతుంది, లోపల వేలు కూడా కదలదు. పూతరేకు పోలిక ఇక్కడ చేతులెత్తేసింది. మీ బామ్మ అయితే ఎప్పుడో వద్దంది.

ఇప్పుడు తాడు. కైలాసగిరి రోప్‌వే ఎక్కారు కదా, గుల్మార్గ్ గొండోలా అలాంటిదే, కాకపోతే రెండో దశలో అఫర్వత్ కొండమీద దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకి తీసుకెళుతుంది. అలాంటి చోట్ల స్కీ పాట్రోల్ అని ఒక గస్తీ దళం ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడైనా వీళ్ళ రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. రాత్రి ఎంత మంచు పడింది, గాలి ఎటునుంచి ఎంత వీచింది అన్నది చూస్తారు. రోజులో 30 సెంటీమీటర్లు పడిందంటే జాగ్రత్త. గాలి అంతకన్నా మాయలమారి. కొండకి ఒక పక్కన గీరిన మంచునంతా రెండో పక్కన పోగేస్తుంది. ఆకాశంనుంచి కురిసేదానికి పదింతల జోరుతో కూడా పేర్చగలదు. అలా బరువెక్కిన వాలుల మీదికి, జనం రాకముందే, దాదాపు కిలో బరువుండే మందుగుండు ఒత్తి వెలిగించి విసురుతారు. ఒత్తి కాలడానికి ఒకటిన్నర నిమిషం. ఈలోగా వాళ్ళు పక్కకి తప్పుకోవాలి. జారేది ఏదైనా ఉంటే మనుషులు లేనప్పుడే జారిపోతుంది. తర్వాత రోజంతా వందలమంది స్కీలు ఆ మంచుని తొక్కి, పొరల్ని చెదరగొట్టి గట్టిపరుస్తాయి. పంచదార పొర సాగే వీలుండదు.

కాబట్టి అమ్మడూ, నువ్వు చూసిన రెండు తెలుపులూ ఒకటి కావు. ఇటువైపుది మనుషులు చాకిరీ చేసి చక్కబెట్టిన మంచు. అటువైపు ఎవరూ చెయ్యి పెట్టలేదు. అడుగుజాడ లేకపోవడమే దానికి గుర్తు.

తాళ్ళలోనూ రెండు రకాలున్నాయి, పెద్దవాళ్ళు కూడా ఇది కలిపేసుకుంటారు. ఒకటి సరిహద్దు తాడు. దాని అవతల రిసార్టు బాధ్యత ఉండదు. కొన్నిచోట్ల అందులోనే గేట్లు పెట్టి, సరంజామా ఉన్నవాళ్ళని వాటిగుండా పోనిస్తారు. రెండోది సరిహద్దు లోపలే ఉండే 'మూసివేత' తాడు. ఇవాళ మూత, రేపు తెరవొచ్చు. మందుగుండు పని పూర్తికాకపోయినా, రాళ్ళు సరిగా కప్పబడకపోయినా, మంచు చదునుచేసే యంత్రం తిరుగుతున్నా కడతారు. నిట్రమైన చోట ఆ యంత్రాన్ని పైనుంచి ఉక్కుతీగతో కట్టి లాగుతారు. వందల మీటర్ల తీగ, మంచులో కనపడదు, ఒక్కసారిగా బిగుసుకుని పైకి లేస్తుంది. కింద దూరినవాడికి అది తెలిసే దారి లేదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో మూసిన వాలుమీదికి వెళ్ళడం చట్టవిరుద్ధం, వెయ్యి డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. గేటుగుండా సిద్ధపడి వెళ్ళేవాళ్ళని నేను తప్పుపట్టను. తాడు కింద దూరేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు చదవని కాగితం మీద సంతకం పెడుతున్నారు.

చరియలే కాదు. దేవదారుల్లాంటి చెట్ల మొదట్లో కిందికి వాలిన కొమ్మలు మంచుని అడ్డుకుంటాయి, చుట్టూ పైకి కనిపించని గొయ్యి మిగులుతుంది. అందులో తలకిందులుగా పడితే పెనుగులాడినకొద్దీ మంచు మీద పడుతుంది. స్వచ్ఛందంగా దిగినవాళ్ళతో ఉత్తర అమెరికాలో చేసిన పరీక్షల్లో నూటికి తొంభైమంది తమంతట తాము బయటికి రాలేకపోయారు. పల్చటి మంచు కింద రాళ్ళూ అంతే. మైకేల్ షూమాకర్ అని ఫార్ములా వన్ కార్ల పందేల్లో ఏడుసార్లు ప్రపంచ విజేత. 2013 డిసెంబరు 29న ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో, గుర్తులు పెట్టిన దారినుంచి కొద్ది మీటర్లు మాత్రమే పక్కకి వెళ్ళాడు. రాయి తగిలి పడి తలకి పెద్ద దెబ్బ తగిలింది. హెల్మెట్ ఉంది.

సరే, 'వాళ్ళకేం కాలేదు'. ఆ పంచదార పొర అన్నిచోట్లా ఒకే లోతులో ఉండదు. లోతుగా ఉన్నచోట మనిషి బరువు దానిదాకా చేరదు. రాళ్ళ దగ్గర, పై రేకు పల్చబడినచోట, చేరుతుంది. కాబట్టి మొదటివాడు దాటిపోవచ్చు, పదోవాడూ దాటొచ్చు, పదకొండోవాడు రెండడుగులు పక్కగా తిరిగాడని మొత్తం తెగొచ్చు. అయినా ముందువాడి జాడ చూసి వెనకవాడికి ధైర్యం వస్తుంది. ఆ ఇద్దరన్నలు వదిలిన గీతలు చూసి ఎంతమంది దూరారో ఎవరికి తెలుసు! ఇంకో మాట. చరియల్లో చిక్కుకున్నవాళ్ళలో పదింట తొమ్మిదిమంది విషయంలో దాన్ని కదిపింది వాళ్ళో, వాళ్ళతో వచ్చినవాళ్ళో. కొండ తనంతట తాను కక్షకట్టి మీద పడడం తక్కువే.

గుల్మార్గ్‌లోనే 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద చరియ విరిగి పోలండునుంచి వచ్చిన ఇద్దరు స్కీయర్లు చనిపోయారు, మరో 19 మందిని బయటికి తెచ్చారు. మంచులో కూరుకున్నవాళ్ళని మొదటి పది పదిహేను నిమిషాల్లో తవ్వితీస్తే చాలామంది బతుకుతారు. అరగంట దాటితే ఆశ సన్నగిల్లుతుంది, ఊపిరికి గాలి ఉండదు. ఆ పదిహేను నిమిషాల్లో కిందనుంచి దళం రాదు, పక్కనున్న స్నేహితులే తవ్వాలి. అందుకే తెలిసినవాళ్ళు గేటు దాటేముందు ఒక్కొక్కరూ మూడు వస్తువులు పెట్టుకుంటారు. ఛాతీకి కట్టుకునే ట్రాన్సీవర్ 457 కిలోహెర్ట్‌జ్ మీద సంకేతం పంపుతుంది, వెతికేటప్పుడు అదే సంకేతం పట్టుకుంటుంది. ఫోను దగ్గరుంటే తికమకపడుతుంది కనుక వెతికేటప్పుడు అర మీటరైనా దూరం ఉంచాలి. తర్వాత రెండున్నర, మూడు మీటర్ల మడత ఊచ, లోపల మనిషి ఎక్కడున్నదీ గుచ్చి తెలుసుకోడానికి. చివరికి లోహపు పార. ప్లాస్టిక్ పార ఆ గట్టిమంచులో విరిగిపోతుంది. అమ్మడు చెప్పిన అన్నల వీపున సంచి కూడా లేదట.

ఇదంతా మనకెందుకు, వైజాగులో మంచెక్కడుంది అంటారేమో. మా చిన్నప్పుడు బీచ్‌లో ఎర్ర జెండాలూ ఈలలూ లేవు. వల బాగుచేసుకుంటున్న జాలరి పెద్దాయన తల ఎత్తకుండా "అక్కడ దిగకండిరా" అనేవాడు. ఆయన చూపించే చోటే మాకు అన్నిటికన్నా నెమ్మదిగా కనిపించేది. రెండు పక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో విరగని నీళ్ళు. ఒడ్డెక్కిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోయే దారి అదేనని, మనిషిని కూడా లాక్కుపోతుందని తర్వాతెప్పుడో తెలిసింది.

సాయంత్రం పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని ఆర్కే బీచ్‌కి వెళ్ళండి. అల తగలని చోట పొడి ఇసుక గుప్పెట్లోంచి సన్నగా ఒకేచోట పొయ్యండి. కుప్ప పెరుగుతుంది, పెరుగుతుంది, ఓ దశలో ఆగిపోయి పక్కలనుంచి జారడం మొదలుపెడుతుంది. అప్పుడు కోణమానిని పక్కన పెట్టి వాలు కొలవండి. 30కీ 35కీ మధ్య వస్తుంది. తర్వాత తడి ఇసుకతో అట్టంత మందం పలక చేసి, ఒక చెక్క మీద పొడి ఇసుక పరిచి దానిమీద పెట్టండి. చెక్కని ఒక చివర మెల్లగా ఎత్తుతూ పోండి, పలక ఏ డిగ్రీ దగ్గర కదిలిందో రాసుకోండి. మూడుసార్లు చెయ్యండి. మూడు అంకెలూ నాకు కావాలి.

మీ తాతయ్య